అసమ్మతి పోస్టరు: లినోనా, స్క్రీనా? చెక్కుడు, కాపీలు, సంతకం

గళ్లకాగితం

భావప్రకటన స్వేచ్ఛ మీద ఒక పోస్టరు. సైజు ఎ3, ఒకటే రంగు, నలుపు. పైన మూడొంతుల్లో రెండొంతులు ఖాళీ కుర్చీ బొమ్మ, కింద ఒకే వాక్యం: "ప్రశ్న ఎవరి దయాధర్మమూ కాదు". 80 కాపీలు కావాలి. ప్రెస్ లేదు, చేత్తోనే తీయాలి.

లినో (ఉలితో చెక్కి అచ్చుకు వాడే మెత్తటి రేకు) మీద తీసిన మొదటి ప్రూఫులో, అంటే నమూనా అచ్చులో, మూడు తేడాలు ఉన్నాయి. కుర్చీ వెనక నలుపు, ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలతో వచ్చింది. అక్షరాల కడుపులు పూడిపోయాయి. రెండు రోజులైనా ఇంకు చేతికి అంటుతోంది. లినోతోనే సరిచేసుకోవచ్చా, స్క్రీన్‌కి (జాలీ గుండా రంగు నెట్టి అచ్చువేసే పద్ధతికి) మారాలా?

ఇంకో సందేహం టెక్నిక్‌కి సంబంధించింది కాదు. ఇలాంటి బొమ్మ కింద చిత్రకారుడి పేరు ఉండాలా, ఉండకూడదా?

నల్లసిరా

80 కాపీలకు లినో చాలు. ఎ3 దిమ్మకు (చెక్కిన లినో పలకకు) ఇంకు పరచడానికి ఒక నిమిషం, వెనక నుంచి రుద్దడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. గంటకు పన్నెండు కాపీలు దాటవు. ఇద్దరుంటే ఒకరు ఇంకు పని, ఒకరు కాగితం పని చూసుకోవాలి. ఇంకు అంటిన చేత్తో కాగితం పట్టుకుంటే ప్రతి అంచు మీదా వేలిముద్ర పడుతుంది.

200 దాటితే మాత్రం స్క్రీన్‌కే వెళ్లండి. అక్షరాలున్నాయి కాబట్టి 77టి మెష్ (సెంటీమీటరుకు 77 పోగుల జాలీ), ఫ్రేము లోపలి కొలత బొమ్మకు ప్రతి వైపూ కనీసం 10 సెంటీమీటర్లు ఎక్కువ, కాగితానికీ మెష్‌కీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎడం. స్క్వీజీ (రంగును నెట్టే రబ్బరు పట్టీ) దాదాపు 45 డిగ్రీల వాలులో లాగాలి. నీళ్ల రంగు వాడితే స్క్రీన్‌ని ఖాళీగా వదలొద్దు. ఒక్కో ప్రింటు తీయగానే మెష్ మీద మళ్లీ రంగు పరిచి ఉంచాలి, లేకపోతే కొద్ది నిమిషాల్లోనే కన్నాలు ఎండి మూసుకుపోతాయి.

1968 మేలో పారిస్‌లోని కళాశాల ఎకోల్ దె బోజార్‌ను విద్యార్థులు ఆక్రమించి పోస్టర్ల వర్క్‌షాపు పెట్టినప్పుడు జరిగింది సరిగ్గా ఇదే లెక్క. రాతి అచ్చు (రాయి మీద బొమ్మ గీసి తీసే అచ్చు) మీద తీసిన మొదటి పోస్టరు కొన్ని పదుల కాపీల దగ్గరే ఆగిపోయింది. స్క్రీన్‌కి మారాక వేలల్లోకి వెళ్లింది. పత్రికల ప్రెస్సుల్లో మిగిలిపోయిన రోల్ కాగితమే వాళ్ల కాగితం. ఆ పోస్టర్లలో కనిపించే మొద్దు ఆకారాలు, ఒకే రంగు, చేత్తో రాసిన పెద్ద అక్షరాలు అందంకోసం ఎంచుకున్నవి అనుకుంటారు చాలామంది. రాత్రికి రాత్రి స్టెన్సిల్ కోసి తెల్లారేసరికి గోడెక్కించాలంటే అంతకంటే సన్నటి గీత కుదరదు.

చెక్కుడుబల్ల

ముందు ప్రూఫు సంగతి చూద్దాం.

తెల్ల చుక్కలకు కారణాలు రెండు. ఒకటి, కొత్త లినో పైన నూనె పొర ఉంటుంది, ఇంకు దాని మీద నిలవదు. 400 నంబరు ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది, స్పిరిట్ గుడ్డతో తుడవండి. రెండు, కాగితం మందం. చేత్తో తీసేటప్పుడు 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) డ్రాయింగ్ కాగితం పనికిరాదు, దాని గరుకు దిమ్మ మీదికి దిగదు. 40 నుంచి 60 జీఎస్ఎం మధ్య నునుపైన చేతి తయారీ కాగితమో, న్యూస్‌ప్రింటో వాడండి. చెక్క గరిటె వీపుతో మధ్య నుంచి అంచులకు చిన్న చిన్న వలయాలుగా రుద్దాలి. పల్చటి కాగితంతో ఉన్న సుఖం ఏమిటంటే, ఇంకు ఎక్కడ ఎక్కిందో వెనక నుంచే నీడలా కనిపిస్తుంది. ఒక మూల గట్టిగా పట్టుకుని ఎదుటి మూల లేపి చూడండి. పల్చబడిన చోట రోలరుతో మరో వరస వేసి, కాగితం దించి మళ్లీ రుద్దవచ్చు.

అక్షరాలు పూడటానికి ఎక్కువసార్లు కారణం ఇంకు మోతాదు. గాజు పలక మీద రోలరు నడుపుతుంటే సన్నగా చిరచిరలాడాలి, పైపొర పట్టులా మెరవాలి. బత్తాయి తొక్కలా గతుకులు కనిపిస్తే ఇంకు ఎక్కువైనట్టే, గీరి తీసేయండి. 80 కాపీల ఎ3కి 150 మిల్లీలీటర్లు సరిపోయి మిగులుతుంది. ఇంకు పల్చగా జారుతుంటే కొంచెం మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలిపితే బిగుస్తుంది.

మీ వాక్యాన్ని అక్షరం అక్షరంగా చూడండి. మొదటి అక్షరం ప. దానిలో తలకట్టు ఒంటికి తాకదు, ఆ సన్నటి ఖాళీయే దాన్ని వ నుంచి వేరు చేస్తుంది. ఇంకు పూడితే ప్రశ్న కాస్తా వ్రశ్న అవుతుంది. అలాగే ధ. అడుగునున్న చిన్న గీత చెక్కేటప్పుడు ఎగిరిపోతే మిగిలేది ద. దయాధర్మం దయాదర్మం అయిపోతే చదివేవాడి కన్ను అచ్చుతప్పు దగ్గరే ఆగుతుంది, కుర్చీ వైపు వెళ్లదు. అందుకే అక్షరం ఒళ్లు 25 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గొద్దు, లోపలి ఖాళీలు 2 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. ఒత్తులకు కింద మరో 15 మిల్లీమీటర్లు వదలండి. క్రారవడి, న ఒత్తు, మ ఒత్తు మూడూ ఉన్న వాక్యం ఇది, కింద చోటు లేకపోతే ఒత్తుల్ని నలిపేయాల్సి వస్తుంది.

అక్షరాలు నేరుగా దిమ్మ మీద రాయొద్దు. ట్రేసింగ్ కాగితం మీద మెత్తటి పెన్సిలుతో సరిగా రాసి, బోర్లించి, వెనక రుద్దితే అద్దంలో చూసినట్టు దిగుతుంది. చెక్కే ముందు ఒక్కసారి నిజంగానే అద్దం పెట్టి చదవండి. ప్ర కింద క్రారవడి ఏ వైపు తిరిగిందన్న దగ్గరే చేయి తరచుగా పొరపడుతుంది.

ఇక ఉలి. లినో చల్లగా ఉంటే పెళుసుగా తెగుతుంది. ఎండలోనో, గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ వేసో వెచ్చబరిస్తే వెన్నలా కోస్తుంది. పాత లినో ఎంత వేడి చేసినా రాలిపోతుంటే వదిలేయండి. అవిసె నూనె, బెరడు పొడి కలిపి గోనె మీద పరిచిన పదార్థం అది, నూనె ఏళ్ల తరబడి గాలి తగిలి గట్టిపడుతూనే ఉంటుంది. ముందు వి ఉలితో అక్షరం చుట్టూ గీత, తర్వాత యు ఉలితో బయటి మైదానం. అక్షరం గోడ కిందికి వెళ్లేకొద్దీ వెడల్పవ్వాలి. లోపలికి కోసుకుపోతే ఇరవై కాపీల తర్వాత అంచు విరుగుతుంది. దిమ్మను తిప్పండి, చేతిని కాదు. ఎడమ చేయి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి.

గళ్లకాగితం

చాలా స్పష్టంగా ఉంది. కాగితం 220 జీఎస్ఎం, తప్పు అక్కడే. ఆరకపోవడం సంగతి కూడా చెప్పండి. సంతకం గురించి ఎవరూ మాట్లాడలేదు.

నల్లసిరా

నూనె ఇంకు ఆరడానికి మామూలుగానే రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. మందపాటి, పీల్చుకోని కాగితం మీద ఇంకా ఆలస్యం. న్యూస్‌ప్రింట్ పీల్చుకుంటుంది కాబట్టి త్వరగా తేరుకుంటుంది. తొందరుంటే కోబాల్ట్ డ్రయ్యరు ఇంకు బరువులో ఒకటి రెండు శాతం, అంతకు మించొద్దు. ఎక్కువైతే పైన చర్మం కట్టి లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా తాడు మీద క్లిప్పులతో వేలాడదీయండి.

రాతిఅచ్చు

సంతకం ప్రశ్నకు వస్తాను. దీన్ని మర్యాదకో అహంకారానికో సంబంధించిన విషయంగా చూడకండి, ఎవరు బాధ్యులన్న చట్టపు ప్రశ్న ఇది.

1831 చివర్లో ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్‌ని జనం సొమ్ము మింగే రాక్షసుడిగా గీసినందుకు వ్యంగ్య చిత్రకారుడు ఒనోరే దోమియేకి ఆరు నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. గీసినవాడితోపాటు అచ్చువేసినవాణ్నీ ప్రచురించినవాణ్నీ కూడా బోనెక్కించారు. అంటే సంతకం దాచినా ముద్రాపకుడు దొరుకుతాడు. 1834లో పారిస్‌లోని ఒక ఇంట్లో సైనికులు జరిపిన హత్యాకాండ మీద ఆయన వేసిన రాతి అచ్చు చూడండి. నినాదం లేదు, నిందితుడు లేడు. చిందరవందరైన మంచం పక్కన రాత్రి దుస్తుల్లో నేల మీద పడిన మనిషి, అతని ఒంటి కింద పసిబిడ్డ తల. ఆ రాయినీ దొరికిన ప్రతుల్నీ పోలీసులు పట్టుకుపోయారు.

అసలు నేర్చుకోవాల్సింది 1835 సెప్టెంబరు చట్టం నుంచి. ముందస్తు సెన్సారు మళ్లీ తేబోమని 1830 రాజ్యాంగ పత్రంలో రాసుకున్నారు. అయినా బొమ్మలకు మాత్రం ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. రాసిన మాట అభిప్రాయమట, బొమ్మ కళ్లతో మాట్లాడుతుంది కాబట్టి అది చర్యట. చదువు రానివాడికి కూడా బొమ్మ అందుతుందన్న భయమే ఆ వాదనకు మూలం. చిత్రకారుడి స్వేచ్ఛ రచయిత స్వేచ్ఛకు నకలు కాదని పాలకులకు అప్పుడే తెలుసు.

కాబట్టి నా మాట: పేరు పెట్టండి. పేరు లేని పోస్టరును రేపు ఎవరైనా మార్చి, మరో వాక్యం తగిలించి, మీదే అనవచ్చు. ఇది నాది, ఇంతవరకే నాది అని చెప్పుకునే ఆధారం సంతకమే. పైగా చాలా దేశాల్లో ఎన్నికల సమయంలో పంచే పోస్టరు మీద ముద్రాపకుడి పేరు, చిరునామా ఉండి తీరాలి. అచ్చువేసే ముందు మీరున్న చోట నిబంధన ఏమిటో ఒక న్యాయవాదిని అడగండి.

నల్లసిరా

రాతిఅచ్చు గారూ, చట్టం వరకు ఒప్పుకుంటాను. సంతకం దగ్గర ఒప్పుకోను. పారిస్ వర్క్‌షాపులో పోస్టర్లకు పేర్లు లేవు. ప్రతి నమూనానీ సభలో పెట్టి, భావం సరైందా, చూడగానే తగులుతుందా అని చర్చించి ఓటు వేసేవాళ్లు. ఓడిన నమూనా అచ్చుకు వెళ్లేది కాదు. అలా పదిమంది మార్చిన బొమ్మ కింద ఒకరి పేరెలా వేస్తారు?

మెక్సికోలో 1937లో లియోపోల్దో మెందెస్, మరికొందరు కలిసి పెట్టిన తాయెర్ దె గ్రాఫికా పోపులార్ (ప్రజా అచ్చుబొమ్మల వర్క్‌షాపు) వాళ్లదీ సామూహిక విమర్శ పద్ధతే. వాళ్ల ప్రధాన పదార్థం లినో, కారణం చవక, త్వరగా తెగుతుంది. వాళ్లు ఒక్కోసారి వ్యక్తుల పేర్లతో, ఒక్కోసారి వర్క్‌షాపు గుర్తుతో వేసేవాళ్లు. మీ పోస్టరుకు నేను చెప్పేది అదే. పోస్టరు కుడి మూలన (చెక్కేటప్పుడు దిమ్మ ఎడమ మూలన) 15 మిల్లీమీటర్ల చదరంలో బృందం గుర్తు చెక్కండి. పెన్సిలుతో కాపీ మీద వేసే సంతకం, 1/80 లాంటి అంకెలు వద్దు. అవి పెట్టగానే గోడ మీదికి వెళ్లాల్సిన కాగితం ఫ్రేములోకి వెళ్తుంది.

రాగిరేకు

ఇద్దరి మాటల మధ్యా స్పెయిన్ చిత్రకారుడు గోయా కనిపిస్తున్నాడు. పేరు పెట్టుకున్నాడు, దెబ్బ తిన్నాడు, తర్వాత దాచుకున్నాడు. 1799లో 80 రాగి రేకుల (గీతలు చెక్కి అచ్చువేసే రేకుల) వ్యంగ్య చిత్రాల సంపుటాన్ని మాద్రిద్‌లో ప్రకటన ఇచ్చి మరీ అమ్మకానికి పెట్టాడు. 27 అమ్ముడయ్యాక వెనక్కి తీసుకున్నాడు. 1803లో రేకుల్నీ మిగిలిన ప్రతుల్నీ రాజుకే ఇచ్చేసి, కొడుక్కి పింఛను ఏర్పాటు చేసుకున్నాడు. దీన్ని లొంగుబాటు అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. రాజు సొత్తుగా మారిన రేకుల్ని కరిగించే ధైర్యం ఎవరికీ ఉండదు.

1810 నుంచి పదేళ్లు నెపోలియన్ సేనలతో స్పెయిన్‌లో జరిగిన యుద్ధం మీద, ఆ తర్వాతి అణచివేత మీద ఆయన చెక్కిన 82 రేకుల్ని బతికుండగా ప్రచురించనే లేదు. చనిపోయిన 35 ఏళ్లకు, 1863లో వాటిలో 80 అచ్చయ్యాయి. యుద్ధకాలంలో రాగి దొరక్క, తన పాత ప్రకృతి దృశ్యాల రేకుల్ని కోసి వెనకవైపు వాడుకున్నాడు. కొండలూ జలపాతమూ ఉన్న రేకు వీపు మీద శవాలు. ఈ ఒక్క సంగతి గుర్తొచ్చినప్పుడల్లా చేయి ఆగుతుంది నాకు.

అసమ్మతి చిత్రం అదే రోజు గోడెక్కాలని మాత్రమే అనుకుంటే ఆయన పని లెక్కలోకే రాదు. పోస్టరు ఒక వేగం, రేకు మరో వేగం. మీ కుర్చీ ఏ వేగానిదో మీరే తేల్చుకోవాలి.

కాగితపుగుజ్జు

వాక్యం అవసరమా అని నాకు అనుమానం. కుర్చీ బాగా చెక్కితే అదే చెప్పదా?

బెంగాల్ కళాకారుడు సోమనాథ్ హోర్ 1940లలో అక్కడి తెభాగా కౌలు రైతుల ఉద్యమంలో మనుషుల్ని, సభల్ని నేరుగా గీశాడు. 1970లలో గాయాల మీద చేసిన వరసలో మనిషి బొమ్మ కూడా పోయింది. మట్టి, మైనం పలకల్ని కత్తితో చీల్చి, కాల్చి, దాని మీద సిమెంటు అచ్చు పోసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జు నొక్కి తీశాడు. తెల్ల కాగితం మీద తెల్ల గాయం. ఇంకు లేదు. పక్క నుంచి వెలుతురు పడితేనే చీలిక కనిపిస్తుంది. కరవు మీద, యుద్ధం మీద ఆయన అభిప్రాయం అడిగితే ఆ కాగితం మీద వేలు పెట్టి చూపించవచ్చు.

చైనా కళాకారుడు అయ్ వైవై దగ్గర ఇదే పని అంకె చేస్తుంది. 2008 సిచువాన్ భూకంపంలో బడి భవనాలు కూలి పోయిన పిల్లల పేర్లు ప్రభుత్వం చెప్పకపోతే, స్వచ్ఛంద కార్యకర్తలతో ఇంటింటికీ తిరిగి 5,000కు పైగా పేర్లు సేకరించాడు. 2009లో మ్యూనిక్‌లో హౌస్ దెర్ కున్స్ట్ అనే కళా ప్రదర్శనశాల ముందుగోడ నిండా 9,000 బడి సంచులు కట్టాడు. కూలిన బడుల శిథిలాల్లోంచి వంకర ఇనుప కడ్డీలు కొని, ఒక్కొక్కటీ సుత్తితో సాపు చేయించి, దాదాపు 150 టన్నులు నేల మీద పరిచాడు. 2011 ఏప్రిల్‌లో బీజింగ్ విమానాశ్రయంలో పట్టుకుని 81 రోజులు నిర్బంధించారు. కడ్డీ సాపు చేయడంలో నినాదం ఏముంది? ఎవరు కట్టారు, ఇనుము ఎందుకింత సన్నగా ఉంది అని చూసేవాడే అడుగుతాడు.

చెక్కుడుబల్ల

కాగితపుగుజ్జు గారూ, గ్యాలరీలో ఐదు నిమిషాలు నిలబడేవాడికి అది సరిపోతుంది. దారిన పోయేవాడు పోస్టరును చూసేది రెండు మూడు సెకన్లు. వాక్యం ఉండనివ్వండి. అయితే కుర్చీకి మీ మాట పనికొస్తుంది. ఇప్పుడు నలుపు వెనకాల, కుర్చీ తెలుపులో ఉంది కదా? తిరగేయండి. కుర్చీ చుట్టూ ఉన్నదంతా చెక్కి తీసేస్తే, ఉలి వదిలిన సన్నటి గీతలు అక్కడక్కడా అంటుకుని, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిన గాలిలా కనిపిస్తుంది. జర్మన్ చిత్రకారిణి కేథె కోల్విట్స్ 1920లో, హత్యకు గురైన వామపక్ష నాయకుడు కార్ల్ లీబ్‌నెక్ట్ మృతికి వేసిన చిత్రాన్ని ముందు రేకు మీద, తర్వాత రాతి మీద ప్రయత్నించి, చివరికి చెక్క అచ్చుకు వచ్చింది. శవం మీదికి వంగిన మనుషుల చేతుల్లో, నుదుళ్లలో ఉలి గీతలే దుఃఖాన్ని మోస్తాయి. రాతి మీద ఆ గట్టిదనం రాదు.

మీ దిమ్మలో పెద్ద నలుపు తగ్గితే తెల్ల చుక్కల బెడద కూడా సగం తీరుతుంది.

పసుపుచుక్క

పంపిణీ గురించి కొన్ని.

నీళ్ల రంగు స్క్రీన్ పోస్టరు మీద తడి జిగురు పూస్తే రంగు కారవచ్చు. బాగా ఆరిన నూనె ఇంకు లినో కారదు. మైదా లైకి ఒక వంతు పిండి, ఐదు వంతుల నీళ్లు. పిండిని ముందు కొద్దిగా చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో సన్నగా పోస్తూ తిప్పాలి. గరిటెకు పట్టేలా చిక్కబడ్డాక దించేయండి. గోడకు ఒక పూత, కాగితం అంటించాక పైన ఒక పూత. పల్చటి కాగితం తడిస్తే సాగుతుంది కాబట్టి మధ్య నుంచి అంచులకు బ్రష్ లాగండి, అంచు నుంచి లాగితే ముడతలు ఖాయం. గోడ యజమాని అనుమతి తీసుకోండి. లేకపోతే గొడవంతా గోడ మీదికి మళ్లి, బొమ్మ పక్కకు పోతుంది.

కలర్ లేజర్ ప్రింటరు మీద కాపీలు తీయాలనుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది: చాలా మోడళ్లు ప్రతి పేజీ మీదా కంటికి కనిపించని పసుపు చుక్కల్లో మెషిన్ నంబరు, తేదీ అచ్చువేస్తాయి. 2005లోనే ఆ చుక్కల్ని చదివి చూపించారు. ఫోనుతో తీసిన ఫొటోలో తీసిన చోటు, సమయం దాగి ఉంటాయి, పెట్టే ముందు తుడిచేయండి. పోస్టరు దగ్గర నిలబడ్డవాళ్ల ముఖాలు, వాళ్లు ఒప్పుకోకపోతే, పెట్టొద్దు. బొమ్మ వేసినవాడు ముప్పును తెలిసి ఎంచుకున్నాడు, పక్కన నిలబడ్డవాడు ఎంచుకోలేదు.

నెట్‌లో పెట్టడానికి ఫొటో కంటే స్కాన్ మంచిది. 600 డీపీఐ, నలుపు తెలుపు బిట్‌మ్యాప్. ఎవరైనా దింపుకుని మళ్లీ అచ్చు వేసుకున్నా అంచులు చెదరవు.

రాగిరేకు

కాపీల్ని దాచడం గురించి ఒక మాట కలపాలి. 1943 బెంగాల్ కరవులో అక్కడి మేదినీపూర్ జిల్లా తిరిగి చిత్రకారుడు చిత్తప్రసాద్ గీసిన బొమ్మలు, రాసిన వివరాలు పుస్తకంగా వచ్చాయి. బ్రిటిష్ ప్రభుత్వం 5,000 ప్రతుల్ని పట్టుకుని తగలబెట్టింది. కుటుంబం దగ్గర మిగిలిన ఒక్క ప్రతి వల్లే ఆ పుస్తకాన్ని ఈనాటికీ చూడగలుగుతున్నాం.

మీ 80లో 75 న్యూస్‌ప్రింట్ మీద తీయండి. ఆ కాగితంలో లిగ్నిన్ (చెక్కలోని ఒక పదార్థం) ఉంటుంది, ఎండకు నెలల్లోనే పసుపెక్కి పెళుసవుతుంది, గోడకు అది చాలు. మిగిలిన ఐదూ ఆమ్లం లేని నూలు కాగితం మీద తీసి, ఐదు వేర్వేరు ఇళ్లలో బల్లపరుపుగా ఉంచండి. అడ్డగీత కొట్టి దిమ్మను రద్దుచేసే అలవాటు పరిమిత ప్రతుల అమ్మకం కోసం పుట్టింది, మీకు అక్కర్లేదు. పని అయ్యాక వంటనూనె గుడ్డతో ఇంకు తీసి, సబ్బు నీళ్లతో వేగంగా తుడిచి ఆరబెట్టండి. నీళ్లలో నానబెడితే వెనక గోనె ఉబ్బి దిమ్మ వంకరపోతుంది. చీకటిగా, చల్లగా ఉన్న చోట పెడితే మళ్లీ 80 తీయవచ్చు.

గళ్లకాగితం

తేలినవి ఇవి. కుర్చీ నలుపు, చుట్టూ ఖాళీ. వాక్యం ఉంటుంది, రెండు వరుసలుగా: పైన "ప్రశ్న", కింద "ఎవరి దయాధర్మమూ కాదు". న్యూస్‌ప్రింట్ 75, నూలు కాగితం 5, ప్రూఫులకు మరో పది. మూలన బృందం గుర్తు. ఎ3 వెడల్పు 297 మిల్లీమీటర్లు, అంచులు పోగా 260. ఆ వెడల్పులో రెండో వరుస 25 మిల్లీమీటర్ల ఎత్తుతో పడుతుందా?

చెక్కుడుబల్ల

పట్టదు. దయాధర్మమూ ఒక్కటే దాదాపు మొత్తం వెడల్పు తింటుంది. మూడు వరుసలు చేయండి: "ప్రశ్న" 40 మిల్లీమీటర్లు ("ఎవరి దయాధర్మమూ" కుదించి ఒకే వరుసలో ఇరికించకుండా "ఎవరి"ని ఈ వరుస చివరకే చేర్చండి), "దయాధర్మమూ" 25, "కాదు" 25. ఒత్తుల చోటుతో కలిపి 140 మిల్లీమీటర్లు అవుతుంది. కుర్చీకి ఇంకా 250 మిగులుతుంది. ముందు మామూలు కాగితం మీద అసలు సైజులో రాసి, గోడకు పెట్టి, పది అడుగుల దూరం నుంచి ప, ధ రెండూ తేలిగ్గా చదవగలుగుతున్నారో లేదో చూసి, అప్పుడు ఉలి పట్టండి.